నాన్న జేబులోని ఎర్ర బిళ్ళ

అమ్మ పోయాక అటక మీది సామాను దింపుతుంటే నాన్న గార్డు పెట్టె బయటపడింది. నల్లటి ఇనప పెట్టె, మూత మీద తెల్లరంగుతో ఆయన పేరు. గూడ్సు బళ్ళ చివర బ్రేక్ వ్యాన్‌లో ఆయన సర్వీసులో సగం ఆ పెట్టె మీద కూర్చునే గడిచింది. రిటైరైన రోజున మెళ్ళో దండలతో దాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాడు గానీ మళ్ళీ తెరిచిన పాపాన పోలేదు. తాళంచెవి ఎక్కడుందో ఆ సంగతి ఆయనతోనే పోయింది. మా మనవడు స్క్రూడ్రైవర్ పెట్టి మూత పైకి లేపితే లోపలినుంచి కిరసనాయిలు, పాత గుడ్డ, ఇత్తడి కలిసిన వాసన కొట్టింది. ఆ వాసన పీల్చగానే బిలాస్‌పూర్ పక్కన ఉస్లాపూర్‌లోని ఈ ఇల్లూ, నా మోకాళ్ళ నొప్పులూ మాయమైపోయి, స్టేషన్ వెనక మా పాత క్వార్టర్‌లో, వీధరుగు మీద నిలబడ్డట్టే అయింది నాకు.

పెట్టెలో ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా, అమ్మ అల్లిన తాడుతో ఇత్తడి ఈల, వాటి కింద మూడు రేకు బిళ్ళలు. పచ్చది మూడు మూలలది, పసుపుది నలుచదరం, ఎర్రది గుండ్రం. "అమ్మమ్మా, యే క్యా హై? ఆడుకునేవా?" అన్నాడు మనవడు. వాడికి తెలుగు చదవడం రాదు, మాట్లాడ్డం సగం వచ్చు. హాకీ అంపైర్లు వాడే బిళ్ళలురా, అని చెప్పాను. తప్పు చేసిన ఆటగాడికి పచ్చది చూపిస్తే హెచ్చరిక. పసుపుది చూపిస్తే కాసేపు బయట కూర్చోవాలి. ఎర్రది చూపిస్తే ఇక ఆ రోజుకి మైదానం వదిలి పోవాలి. షెడ్డులో సిగ్నల్ చేతులకి రంగు వేసే పెయింటర్‌ని బతిమాలి నాన్న వీటిని చేయించుకున్నాడు. పచ్చదానికి అంచుల్లో రంగంతా పోయి రేకు తేలింది. పసుపుది వెలిసింది. ఎర్రది మాత్రం నిన్ననే రంగు వేసినట్టు మెరుస్తోంది. నాన్న దాన్ని జేబులోంచి ఒక్కనాడూ బయటికి తీయలేదు. తీయాల్సిన రోజున నేను అక్కడే ఉన్నాను.

మాది విజయనగరం వైపు కుటుంబం. తాత కాలంలోనే రైలు పని కోసం బిలాస్‌పూర్ వచ్చేశాం. క్వార్టర్లు జంట ఇళ్ళు. మా వంటింటి గోడకి అవతల ఫిట్టరు అప్పన్న వంటిల్లు. ఒకటే గోడ, ఒకటే కుళాయి. తెల్లారగానే రెండు పెరళ్ళలోనూ సిగిడీ కుంపట్లు అంటించేవాళ్ళు. ఆ బొగ్గు పొగలో ఎవరి పొగ ఎవరిదో తెలిసేది కాదు. వాళ్ళింట్లో చేపల పులుసు కాగితే మాకు కూడా ఒక గిన్నె గోడ మీదినుంచి వచ్చేది. మా అమ్మ కందిపొడి కొడితే వాళ్ళకి వెళ్ళేది. అప్పన్న కొడుకు పైడిరాజు, కూతురు వరాలు. వరాలు నా ఈడుది, నా జడ వేసేది. పైడిరాజు మాకంటే అయిదారేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. హాకీ కర్ర పట్టుకుని బంతి తీసుకుపోతుంటే చూసేవాళ్ళు కూర్చున్నచోట లేచి నిలబడేవాళ్ళు. ఇంట్లో మాత్రం మాట పైకి రాదు. కుళాయి దగ్గర మా అమ్మ బిందె తనే ఎత్తి గడప లోపల పెట్టి వెళ్ళిపోయేవాడు.

నాన్నకి డ్యూటీ లేని ఆదివారాలు, హాకీ మ్యాచ్‌లకి అంపైరుగా వెళ్ళే రోజులు, ఒక పండగ. ఉదయమే కాన్వాసు జోళ్ళకి తెల్లసుద్ద పూసి ఎండలో పెట్టేవాడు. ఈలని చింతపండుతో తోమి, ఒకసారి ఊది, నోరు చేదయిందని మొహం చిట్లించేవాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా జేబులో బిళ్ళలు ఒక వరుసలో పెట్టుకునేవాడు, పచ్చది ముందు, ఎర్రది వెనక. ఆ రోజుల్లో కర్ర భుజం దాటి పైకి లేస్తే తప్పు. తలకి తగిలేలా ఎవడైనా కర్ర విసిరితే బయటికి పంపమని రూలు. నాన్నకి రూళ్ళంటే ప్రాణం. అన్నం తింటూ మాకు గార్డు పని గురించి పాఠాలు చెప్పేవాడు. "ఎర్రజెండా సూపించడానికి గార్డు ఎవర్నీ అడగక్కర్లేదు. అనుమానం వస్తే సాలు. ముందు బండి ఆపాలి, తరవాతే ఎందుకని ఆలోచించాలి," అనేవాడు. ఒకసారి చకర్‌భాటా స్టేషన్ దగ్గర ఏదో వ్యాగన్ చక్రం కింద పొగ కనిపించి బండి ఆపించేశాడట. పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లని ఆయన మెడల్‌లా చెప్పుకునేవాడు. ఆయన అంత గట్టివాడని నేనూ నమ్మాను.

ఆ ఏడు మా చిన్న మావయ్య సత్యం ఊరినుంచి మా ఇంటికి వచ్చి మకాం వేశాడు. అమ్మమ్మ పోతే అమ్మే పెంచింది వాణ్ణి. ఇంటర్ తప్పి, ఊళ్ళో పేకాట నేర్చి, చివరికి హాకీ కర్ర ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. ఆటగాళ్ళకి రైల్వేలో ఉద్యోగాలిస్తున్నారని ఎవరో చెప్పారు. ఒళ్ళుంది, ఒంట్లో బలముంది, ఆట మాత్రం అంతంతే. గోలు ముందు కాపు కాసే బ్యాక్‌గా ఆడేవాడు. బంతి వస్తే కట్టెలు కొట్టినట్టు కొట్టేవాడు, కర్ర తలపైకి లేచి దిగేది. ఎదుటివాడు పక్కకి తప్పుకోవాలి, లేకపోతే వాడి ఖర్మ. మైదానంలో జనానికి అదే నచ్చింది. "మారో సత్యం!" అని కేకలు. సాయంత్రం పెరట్లో కూర్చుని కర్రకి అవిసె నూనె రాస్తూ "అప్పా, నన్ను సూస్తే ఆళ్ళకి కాళ్ళొణుకుతాయి," అని అమ్మకి చెప్పేవాడు. అమ్మ మురిసిపోయి వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసేది.

ఉద్యోగాలకి ఎంపిక చేసే మ్యాచ్ ఒక ఆదివారం పెట్టారు. రైల్వే కుర్రాళ్ళనీ, బయటివాళ్ళనీ కలిపి రెండు జట్లు. మావయ్య ఒక జట్టులో, పైడిరాజు ఇంకోదాంట్లో. ఇద్దరు అంపైర్లలో ఒకరు నాన్న. బావమరిది ఆడుతుంటే బావ ఈల ఊదడం ఏమిటని ఎవరూ అనలేదు. నాన్నకున్న పేరు అలాంటిది. పైగా అప్పన్న గోడ మీదినుంచి తొంగి చూసి, "గార్డుగోరుంటే మాకు దైర్నం, తప్పు తప్పేనంటారు," అన్నాడు. ఆ మాటకి నాన్న సంతోషించడం నేను చూశాను.

బయల్దేరేముందు అమ్మ ఆయనకి ఉప్మా వడ్డించి ఎదురుగా కూర్చుంది. "ఏటండీ, ఇయ్యాల ఆడి బతుకు మీ సేతిలో ఉంది," అంది.

"నా సేతిలో ఈలే ఉంటాది," అన్నాడు నాన్న.

"ఆ ఈల మా తమ్ముడి మీద ఊదకండి. ఉద్దోగం రాకపోతే ఆడు తిరిగెళ్ళి ఏటవుతాడో మీకు తెల్సు. నాకు అమ్మ లేదు, ఆడే ఉన్నాడు." అమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాన్న కోప్పడి బయటపడేవాడు. ఆవిడ చెయ్యి చాపి ఆయన చొక్కా జేబు సర్ది, లోపలి బిళ్ళలని ఒకసారి నొక్కి చూసింది. నాన్న సగం ఉప్మా వదిలేసి లేచాడు.

మైదానమంటే గడ్డి ఉండదు, ఎర్రటి మొరం మట్టి. బంతి పడ్డచోట పడదు, మోకాలి దాకా ఎగురుతుంది. షామియానా కింద ఆఫీసర్లు, చుట్టూ మా కాలనీ జనం, వేరుశనక్కాయల పొట్లాలు, ఆడవాళ్ళంతా ఒక వైపు. అమ్మా, పైడిరాజు తల్లి నరసమ్మత్తా పక్కపక్కన కూర్చున్నారు. నేనూ వరాలూ వాళ్ళ వెనక. మొదటి సగంలో ఏమీ జరగలేదు. అంపైర్లు మైదానంలో చెరో సగం చూసుకుంటారు; రెండో సగంలో జట్లు వైపులు మారాక మావయ్య కాసే గోలు నాన్న చూసే వైపుకి వచ్చింది. పైడిరాజు బంతి తీసుకుని వచ్చి మావయ్యని ఇటు ఊరించి అటు దాటాడు. ఇంకోసారి వచ్చి అటు ఊరించి ఇటు దాటాడు. షామియానాలో ఎవరో పగలబడి నవ్వారు. మావయ్య మొహం కందగడ్డలా అయింది.

మూడోసారి పైడిరాజు దాటుతుండగా మావయ్య కర్ర బంతిని వదిలేసి అతని కణత మీద పడింది. ఆ చప్పుడు మా దాకా వినిపించింది. నాన్న ఈల ఊదాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి జేబులో కొంచెం ఎక్కువసేపే ఉంది. చివరికి పచ్చ బిళ్ళ పైకి లేచింది. రైల్వే జనానికి పచ్చ అంటే ఏమిటో చెప్పాలా? "పచ్చ పడిందిరోయ్! లైన్ క్లియర్! కొట్టుకో సత్యం, లైన్ క్లియర్!" అని అందరూ అందుకున్నారు. అది హెచ్చరికని సగం మందికి నిజంగానే తెలియదు. తెలిసిన సగమూ ఇంకా గట్టిగా అరిచారు. పిల్లలు బండి కూత కూశారు. మావయ్య నవ్వుతూ జనం వైపు చెయ్యి ఊపాడు. పైడిరాజు తలకి తడి రుమాలు కట్టించుకుని మళ్ళీ వచ్చాడు. రాకపోతే ఉద్యోగం రాదు కదా.

తరవాత జరిగినదానికి బంతితో సంబంధం లేదు. బంతి అవతలి వైపు వెళ్ళిపోయింది. జనం తలలన్నీ అటే తిరిగాయి. పైడిరాజు తన చోటికి తిరిగి నడుస్తున్నాడు. మావయ్య వెనకనుంచి రెండు అడుగులు పరుగెత్తి, కర్రని రెండు చేతులతో లేపి, రుమాలు కట్టిన చోటే వేశాడు. పైడిరాజు మోకాళ్ళ మీద కూలాడు. కింద పడిపోలేదు. అలాగే మోకాళ్ళ మీదే ఉండి తల తిప్పి నాన్న వైపు చూశాడు. ఈల ఊదితే ఆట ఆగుతుంది, ఆగితే లేవచ్చు, అని కాచుకున్నాడు. నాన్నకి అంతా కనిపించింది, పది గజాల్లో ఉన్నాడు. ఈల పళ్ళ మధ్య ఉంది. చెయ్యి జేబు మీద ఉంది. ఆయన షామియానా వైపు చూశాడు, తరవాత ఆడవాళ్ళ వైపు చూశాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది. అవతల గోలు పడింది, జనం కేకలు పెట్టారు. నాన్న ఈల నోట్లోంచి తీసి, ఆట ఉన్న వైపు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

నరసమ్మత్త కూడా గోలు వైపే చూస్తోంది. ఏమీ చూడలేదు. "మావోడేడీ?" అని అటూ ఇటూ వెతికింది. అప్పటికి వాడు లేచి నిలబడ్డాడు. ఆట అయ్యేదాకా ఆడాడు కూడా. ఆడాడంటే, ఒక చోట నిలబడి తన పక్కనుంచి పోయే బంతిని చూశాడు.

చీకటి పడకముందే కబురు వచ్చింది, మావయ్యకి ఉద్యోగం ఖాయమని. "భయం లేని ఆటగాడు," అని మెచ్చుకున్నారట ఆఫీసర్లు. అమ్మ మినప్పప్పు రుబ్బింది. మా వంటిల్లంతా గారెల వాసన. గోడ అవతలినుంచి వాంతుల చప్పుడు. ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. నూనె చిటచిటలు ఆగినప్పుడల్లా ఆ చప్పుడు స్పష్టంగా వినిపించేది, అమ్మ వెంటనే ఇంకో వాయి వేసేది. కాసేపటికి నరసమ్మత్త గోడ మీదికి మొహం పెట్టి, "అమ్మా, నిమ్మకాయుంటే ఒకటి ఇయ్యి. గుంటడికి ఎండదెబ్బ తగిలినట్టుంది, తిన్నది నిలవట్లేదు," అంది. అమ్మ నిమ్మకాయ ఇచ్చింది. దాంతోపాటు నాలుగు గారెలు ఆకులో చుట్టి ఇచ్చింది. "మా తమ్ముడికి ఉద్దోగం వచ్చిందమ్మా, నోరు తీపి చేసుకోండి," అనబోయి, గారెలు తీపి కావని గుర్తొచ్చి ఆగిపోయింది. నరసమ్మత్త "సల్లగుండాల," అని దీవించి తీసుకుంది. నాన్న వీధరుగు మీద చీకట్లో కూర్చుని జోళ్ళ సుద్ద దులుపుతున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. మావయ్య మాత్రం కడుపునిండా తిన్నాడు.

తెల్లారి పైడిరాజు లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, చాలా రోజులు ఉంచారు, ప్రాణంతోనే తిరిగి పంపారు. వచ్చినవాడు పైడిరాజు కాడు. మాట తడబడేది, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాదు, తల్లిని చూసి ఎవరని అడిగేవాడు. ఆటంటే మాత్రం గుర్తుంది. ఈల వినిపిస్తే చాలు, ఎక్కడున్నా లేచి పరుగెత్తేవాడు, చేతిలో కర్ర ఉన్నట్టు వంగి. అది కాలనీ పిల్లలు కనిపెట్టేశారు. సాయంత్రమయ్యేసరికి అయిదు పైసల ప్లాస్టిక్ ఈలలు కొనుక్కుని అతని వెనక చేరేవాళ్ళు. ఊదడం, అతను పరుగెత్తడం, కాలవలో పడడం, వీళ్ళు నవ్వడం. పెద్దవాళ్ళు మందలించేవాళ్ళు, మందలిస్తూనే ఒక కన్నేసి చూసేవాళ్ళు. స్టేషన్ దగ్గర కదా మా ఇళ్ళు, గార్డుల ఈలలు పొద్దంతా వినిపించేవి. చివరికి నరసమ్మత్త వాణ్ణి మంచం కోడుకి కట్టి పనికి పోయేది.

మా అమ్మ ఏమందో తెలుసా? "ఆడి బుర్ర ముందే కొంచెం మెత్తన," అంది. తన బిందెలు ఎత్తిపెట్టినవాడి గురించి. పెళ్ళాడి, పిల్లల్ని కని, పార్సెల్ ఆఫీసులో కుర్చీ అరగదీసిన మావయ్య, ఉద్యోగం వచ్చాక కర్ర ముట్టిందే లేదు. పండగలకి మా ఇంటికొచ్చినప్పుడు పప్పు గరిటె ఎత్తి ఆ దెబ్బ ఎలా వేశాడో మా చిన్నత్తకి చూపించేవాడు. పోయినేడు హాయిగా నిద్రలో పోయాడు. నాకు ఏడుపు రాలేదు, రాలేదని బాధా లేదు.

నాన్న అంపైరింగ్ మానేస్తాడనుకున్నాను. మానలేదు. కానీ ఆ తరవాత ఎవరు ఎవరి తల పగలగొట్టినా పచ్చ బిళ్ళే తీసేవాడు. ఒక కుర్రాడికి ముందు పళ్ళు పోయాయి, ఇంకొకడికి కనుబొమ చీలింది. పచ్చ, మళ్ళీ పచ్చ. జనం "లైన్ క్లియర్ గార్డు" అని పేరు పెట్టారు. ఒకసారి నేనే అడిగేశాను, ఎర్రది ఎందుకు తియ్యవు నాన్నా, అని. "సత్యానికి సూపించనిది ఇంకోడికి ఏ మొహంతో సూపిస్తానే? అది అన్యాయం కాదా?" అన్నాడు. ఆయన న్యాయబుద్ధి అది. ఒక తల దగ్గర తప్పినవాడు, తరవాతి తలలన్నీ సమానంగా పగలనిచ్చాడు. ఆ జవాబుని ఇన్నేళ్ళూ నేను క్షమించలేదు. ఈల ఊదకపోవడం ఒక్క నిమిషం పిరికితనం. ఇది మాత్రం బాగా ఆలోచించి చేసిన పని.

పెట్టె తెరిచిన రాత్రి మనవడు నా పక్కన పడుకుని ఫోనులో ఏదో ఆట చూస్తున్నాడు. ఎక్కడో చలిదేశాల్లో మంచు మీద ఆడే హాకీ. తలలకి టోపీలు, మోకాళ్ళకి బొంతల్లాంటి తొడుగులు. ఒకడు ఇంకొకడి తలకి భుజంతో గుద్దాడు. వెంటనే చారల చొక్కా మనిషి చెయ్యి పైకి లేచింది. ఆట ఆపారు. అదే దెబ్బని మళ్ళీ మళ్ళీ మెల్లగా వేసి చూశారు. కొట్టినవాణ్ణి బయటికి పంపారు, ఇంకొన్ని మ్యాచ్‌లు ఆడనివ్వరట. "అక్కడా జనం గోల చేస్తార్రా?" అని అడిగాను. "బహుత్! దెబ్బల కోసమే వస్తారు కొంతమంది," అన్నాడు. అయితే మనుషులు మారలేదన్నమాట. మారిందల్లా ఆ చెయ్యి. ఎవరి మొహమూ చూడకుండా లేచిన ఆ చెయ్యిని మళ్ళీ వెయ్యమని చాలాసార్లు చూశాను.

మర్నాడు బిలాస్‌పూర్‌లోనే తార్‌బహార్ పేటకి వెళ్ళాను. వరాలు అక్కడే ఉంటుంది. తల్లీతండ్రీ పోయాక అన్నని తనే చూసుకుంటోంది. బిళ్ళలూ ఈలా సంచిలో వేసుకుని ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. వాళ్ళకి ఏదో ఇవ్వాలనిపించింది. పైడిరాజు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. కణత దగ్గర గుంట ఇంకా అలాగే ఉంది. వరాలు నాకు టీ ఇచ్చి తనూ కూర్చుంది.

"మీ నాన్న వచ్చీవోడు, తెల్సా?" అంది.

నాకు తెలియదు.

"రిటైరైన కాడినుంచి వచ్చీవోడు. ఇక్కడే కూకుని అన్నని సూస్తుండీవోడు. ఒక్క మాట అన్లేదు. తప్పయిందని ఒక్కమాట అంటే మాయమ్మ పేణం కుదుటపడును. దానికోసమే కాసుకుని సచ్చిపోనాది." కోపంగా అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది.

ఆయన చెయ్యనిది నేను చెయ్యాలనుకున్నాను. సంచిలోంచి ఎర్ర బిళ్ళ తీశాను. "పైడిరాజు బావా, ఇది చూడు. నాన్న ఆ రోజు తియ్యాల్సింది ఇదే. నీకోసం తెచ్చాను," అని అతని ముందుకి చాపాను.

అతను బిళ్ళ వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. మొహమంతా ముడుచుకుపోయింది.

"నాకా? నానేటి సేసినాను గార్డుగోరూ?" అన్నాడు. "నాను కొట్టనేదు. ఆడే కొట్టినాడు."

నేను చెయ్యి వెనక్కి తీసుకునేలోపే లేచాడు. ఎదురు చెప్పే ఆటగాడు కాదు ఎప్పుడూ. ఎర్రది చూపిస్తే మైదానం వదిలి పోవాలి. గోడ పట్టుకుని మెట్లు దిగి, వీధి కాలవ దాటి, అవతల ఎండలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

వరాలు చేట కింద పెట్టింది. "ఆట అయిపోనాది అన్నా, నోపలికి రా," అని పిలిచింది.

"అయిపోతే ఈల ఏస్తారు గదా," అన్నాడు అక్కడినుంచే.

నాన్న ఈల నా సంచిలోనే ఉంది. నా చెయ్యి దానికోసం వెళ్ళడం చూసి వరాలు నా మణికట్టు పట్టుకుంది. "ఒద్దు పారోతీ," అంది. "ఈల ఇంటే పరిగెడతాడు."